మూడు రోజులు తిట్టుకున్న స్విచ్చు

మూడు రోజులుగా గీజరు వేసిన ప్రతిసారీ ఇల్లంతా కరెంటు పోయేది. వెళ్లి చూస్తే బోర్డులో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు ఎక్కడైనా లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు, ట్రిప్ అయి ఉండేది. "దాన్ని తీసేసి డైరెక్టుగా కలిపేద్దామండీ, గొడవ వదిలిపోతుంది" అన్నాడు మొదట వచ్చిన ఎలక్ట్రీషియన్. నిజం చెప్పాలంటే నేనూ సరేననబోయాను. తలకు నూనె పెట్టుకుని వేడినీళ్ల కోసం కూర్చున్న అమ్మే అడ్డుపడింది. "ఊరికే ఎందుకు పోతుందిరా, ముందు గీజరు చూపించు."

రెండో ఆయన గీజరు విప్పాడు. హీటింగ్ కాయిల్ పైగొట్టం చిట్లిపోయి ఉంది. మా బోరు నీళ్ల సంగతి తెలిసిందే, దాని మీద సున్నంలా ఉప్పు పేరుకుంది. ఆ చీలిక నుంచే కరెంటు నీళ్లలోకి దిగుతోంది.

లోడు ఎక్కువైనా షార్టయినా పడిపోయే స్విచ్చులు, ఎంసీబీలు ఉన్నాయిగా, చాలనుకున్నాను ఇన్నాళ్లూ. అవి కాపాడేది వైర్లను. 16 ఆంపియర్ల ఎంసీబీకి మనిషి ఒంట్లోంచి పోయే కాస్త కరెంటు లెక్కలోకే రాదు. ఆర్‌సీసీబీ అలా కాదు, ఫేజులో వెళ్లినదాన్నీ న్యూట్రల్‌లో తిరిగొచ్చినదాన్నీ పోల్చి చూస్తుంటుంది. మా ఇంట్లో ఉన్నదానికైతే తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే చాలు, సెకనులో మూడో వంతులోపే కరెంటు ఆపేయాలి.

దాని మీద 'టి' అని ఒక చిన్న బొత్తం ఉంది, పరీక్షించడానికి. ఇల్లు కట్టి ఎనిమిదేళ్లయినా ఎవరమూ నొక్కలేదు. నిన్న సాయంత్రం నొక్కాను. టక్కున ట్రిప్ అయింది. లోపలి నుంచి అమ్మ కేక: "సీరియల్ వేళకేనా నీ పరీక్షలు!"