పాప కంటిమీది ఎర్ర గడ్డ

పుట్టిన కొద్దిరోజులకే పాప కనురెప్ప మీద దోమ కుట్టినట్టు ఎర్ర చుక్క కనిపించింది. మూడో నెలకల్లా ఉబ్బి కన్ను సగం మూసేసింది. చూడ్డానికొచ్చినవాళ్లంతా గ్రహణం గురించే అడిగేవారు, ఒళ్లు మండేది. హెమాంజియోమా అట. రక్తనాళాల గడ్డే, క్యాన్సర్ కాదు. చాలావరకు కొన్నేళ్లలో వాటంతటవే తగ్గిపోతాయి. కంటికి అడ్డొస్తే మాత్రం చూపు దెబ్బతింటుంది కాబట్టి ఆగకూడదన్నారు డాక్టరుగారు. గుండె పరీక్షలు చేసి ప్రొప్రనొలాల్ రాశారు. మా మామయ్యగారు బీపీకి వాడిన మందే! గుండె సమస్యకు ఇస్తే గడ్డ కూడా తగ్గడం ఫ్రాన్స్‌లోని బోర్డో డాక్టర్లు గమనించి 2008లో ప్రచురించారు. పాలు తాగాకే వేయాలి, లేకపోతే షుగర్ పడిపోతుంది. పాప పాలు వద్దని మొహం తిప్పుకుంటే నాకు టెన్షనే. ఇప్పుడు రెప్ప పూర్తిగా తెరుస్తోంది. లేత గులాబీ మరక మిగిలింది, ఉంటే ఉండనీ.