స్పానిష్ నోట్‌బుక్, 31వ వారం: ఒక దీర్ఘం తేడా

ఈ వారమంతా ఒక్క క్రియతోనే గడిపాను: కంతార్, అంటే పాడడం. ఇంపర్ఫెక్ట్ సబ్జంక్టివ్ (ఊహించిన, కోరుకున్న సంగతులు చెప్పడానికి వాడే గతకాల క్రియారూపం) అన్న పేరు చూసి టెన్షన్ పడ్డాను కానీ, రూపం కట్టడం తేలికే. 'వాళ్లు పాడారు' అంటే కంతారొన్. అందులో చివరి 'రొన్' తీసేసి ర, రస్, ర, రమొస్, రయిస్, రన్ చేర్చాలి. కంతార, కంతారస్, కంతార, కంతారమొస్, కంతారయిస్, కంతారన్. 'మీరంతా' అనడానికి వాడే 'రయిస్' ముఖ్యంగా స్పెయిన్‌ వాడుక. నేను మాట్లాడేది మెక్సికో స్నేహితురాలితో కాబట్టి దాన్ని చదివి పక్కన పెట్టాను. కంతాసె అనే జంట రూపం కూడా ఉంది, చదివేటప్పుడు గుర్తుపడితే చాలు.

ఇబ్బందంతా ఊనిక దగ్గర, అంటే మాటలో ఏ అక్షరాన్ని నొక్కి పలకాలన్న దగ్గర వచ్చింది. కంతార వేరు, 'పాడుతుంది' అనే భవిష్యత్తు రూపం కంతరా వేరు. స్పానిష్ రాతలో తేడా చివరి అచ్చు మీద చిన్న గీత, అంతే. మన చెవి ఊనికను పట్టుకోదు గానీ దీర్ఘాన్ని ఇట్టే పట్టుకుంటుంది. అందుకే నోట్‌బుక్‌లో తెలుగు లిపిలో రాసుకుని, ఊనిక పడే చోట దీర్ఘం పెట్టాను. రోజూ 10 నిమిషాలు ఆ రెండు మాటలే పైకి చదివితే గురువారానికి నోరు తిరిగింది. చాలా సంతోషమేసింది.

వాక్యాల్లో మాత్రం ఇంకా తడబడుతున్నాను. 'బాగా పాడితే గెలుస్తుంది', 'బాగా పాడితే గెలిచేది'. మనకు 'పాడితే' మారదు, జరగని సంగతి అని చెప్పే పని 'గెలిచేది' ఒక్కటే చేస్తుంది. స్పానిష్‌లో రెండు సగాలూ మారాలి: 'సి కాంత బియేన్, గాన', 'సి కంతార బియేన్, గనరీయ'. నేను 'గనరీయ' ఊపులో మొదట్లోనూ 'సి కంతరీయ' అనేస్తున్నాను. బుధవారం కాల్‌లో నా స్నేహితురాలు నాలుగుసార్లు ఆపి సరిచేసింది. ఇప్పుడు కార్డు మీద 'సి' పక్కన 'రీయ' రాసి ఎర్ర పెన్నుతో కొట్టేశాను.

'పాడాలని' కూడా ఇంతే. నువ్వు పాడాలని కోరుకుంటున్నా అన్నా, కోరుకున్నా అన్నా మనకు ఒకటే మాట. అక్కడ 'కియేరొ కె కాంతెస్', 'కెరీయ కె కంతారస్'. ముందు క్రియ గతంలోకి వెళ్తే వెనకదీ వెళ్తుంది.

వచ్చే వారం కొమేర్, తినడం. కొమియేరొన్ నుంచి కొమియేర. కార్డులు ఇప్పటికే రాసి పెట్టుకున్నాను.