పాత కాటమరాన్ మాస్టు: వెల్డింగ్ పెట్టించే ముందు ఇది చదవండి

పాత సెయిలింగ్ పడవ కొన్నానంటే అందరూ ముందు అడిగేది తెరచాప ఎలా ఉందని. నన్నడిగితే తెరచాపను ఆఖర్న చూడాలి. ముందు మాస్టు, అంటే తెరచాపను నిలబెట్టే స్తంభం, కిందికి దించి, దానికి బిగించిన స్టీలు ముక్కలు, రివెట్లు, పిన్నులు ఒక్కొక్కటీ చేత్తో కదిపి చూడాలి. నా దగ్గరున్నది హోబీ 16. అమెరికాలో హోబీ ఆల్టర్ రూపొందించిన కాటమరాన్, అంటే జంట డొల్లల పడవ ఇది, రెండు సన్నటి ఫైబర్ డొల్లలు, వాటి మధ్య బిగించిన గుడ్డ, సుమారు 5 మీటర్ల పొడవు, దాని మీద 8 మీటర్ల అల్యూమినియం మాస్టు. విశాఖ సముద్రంలో చాలా ఏళ్లు తిరిగాక మా చేతికి వచ్చింది. ఇంట్లో, అంటే హనుమకొండలో, రిపేర్లు చేసుకుంటూ కరీంనగర్ దగ్గర లోయర్ మానేరులో పర్మిషన్ తీసుకుని తిప్పుతున్నాం.

"సముద్రం వదిలి మంచినీళ్లకు వచ్చింది కదా, ఇక తుప్పు టెన్షన్ లేదు" అని చెప్పినవాళ్లు చాలామంది. అది సగం మాత్రమే నిజం. ఏళ్ల తరబడి పట్టిన ఉప్పు రివెట్ల కింద, స్టీలు పట్టీల వెనక అలాగే ఉండిపోతుంది, పైన ఎన్నిసార్లు కడిగినా అక్కడికి నీళ్లు సరిగ్గా పోవు. స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం ఒకదానికొకటి తగులుతూ మధ్యలో కాస్త తేమ ఉంటే చాలు, చిన్న బ్యాటరీ తయారైనట్టే, అందులో కరిగిపోయేది ఎప్పుడూ అల్యూమినియమే. బయటికి కనిపించేది రివెట్ చుట్టూ తెల్లటి పొడి, ఉబ్బిన పెయింటు. ఆ పొడి అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పట్టీని మెల్లగా పైకి నెట్టి రివెట్‌ను వదులు చేస్తుంది.

దీనికి తోడు అరుగుదల. ఈ పడవలో మాస్టును నిలబెట్టేది మూడు తీగలు, ముందు ఒకటి, పక్కలకు రెండు. మూడూ పైన ఒకే షాకిల్‌లో, అంటే అడ్డంగా పిన్ను ఉండే U ఆకారపు స్టీలు కొక్కెంలో, కలుస్తాయి, ఆ షాకిల్ మాస్టుకు బిగించిన ట్యాంగ్ అనే స్టీలు పట్టీకి వేలాడుతుంది. గాలి తగిలేవైపు తీగ బిగుసుకుంటుంది, అవతలిది వదులవుతుంది, పడవ తిరిగినప్పుడల్లా ఇది తారుమారవుతుంది. ప్రతిసారీ షాకిల్ పిన్ను పోయి రంధ్రం అంచును కొడుతుంది. మొదట గుండ్రంగా ఉన్న రంధ్రం సాగిపోతుంది, సాగినకొద్దీ పైన మిగిలే లోహం తగ్గుతుంది, ఒకరోజు ఆ అంచు చీలుతుంది. అప్పుడు మాస్టు మొత్తం మనుషుల మీదికే వస్తుంది.

ములుగు రోడ్డు వైపున్న లేత్ షాపులో ఆ ట్యాంగ్ చూపిస్తే టర్నర్ కొలవడానికి వెర్నియర్ కూడా తీయలేదు. "గిదేం పొక్క సార్, గుడ్డు లెక్క అయింది" అన్నాడు. వెల్డింగ్‌తో నింపి మళ్లీ పొక్క పెట్టిస్తే సరిపోతుందని పక్కనున్నవాళ్లు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. ట్యాంగ్ అరిగితే కొత్తది చేయించడమే మేలు. ఇక మాస్టు గొట్టం మీద వెల్డింగ్ అనే మాటే వద్దు, ఎందుకంటే ఆ అల్యూమినియంను వేడితో ప్రత్యేకంగా గట్టిపరిచి ఉంటారు, ఆర్గాన్ వెల్డింగ్ ఎంత అందంగా పెట్టినా చుట్టుపక్కల లోహం మెత్తబడుతుంది, మాస్టు వంగేది సరిగ్గా అక్కడే.

కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మా చిన్నాయన సాయం ఇక్కడ చాలా పనికొచ్చింది. మిగతా స్టీలు భాగాలు చూడటానికి బాగానే ఉన్నాయి, వాటిని ఉంచాలా తీసేయాలా అని అడిగితే "కంటితోని చెప్పద్దు బిడ్డా, ఎర్రరంగు కొట్టి సూద్దాం, పగులుంటే అదే చెప్తది" అన్నాడు. డై పెనెట్రెంట్ అని స్ప్రే డబ్బాల్లో దొరుకుతుంది. ముక్కను శుభ్రం చేసి ఎర్ర ద్రవం కొట్టి, ఓ పది నిమిషాలు ఆగి, పూర్తిగా తుడిచేసి, తెల్ల పొడి స్ప్రే చేస్తే పగులులోకి దిగిన ఎరుపు సన్నటి గీతలా పైకి వస్తుంది. పక్క తీగ చివరి ముక్క ఒకటి, పైకి కొత్తదిలా మెరుస్తున్నది, అలా గీత చూపించింది. తీగతో సహా తీసి పక్కన పెట్టేశాం.

కొత్త ట్యాంగ్‌కు స్టీలు కొనడం ఇంకో సంగతి. మన దగ్గర దుకాణాల్లో అయస్కాంతం పెట్టి, అంటుకోకపోతే "ప్యూర్ ఎస్ఎస్" అంటారు. అయస్కాంతం స్టెయిన్‌లెస్ స్టీలు గ్రేడ్లలో 304కీ 316కీ తేడా చెప్పలేదు, గేట్లకు, రెయిలింగులకు అమ్మే 202 రకం కూడా దాదాపు అంటుకోదు. పడవకు కావాల్సింది 316, అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పును తట్టుకునేది దానివల్లే. గ్రేడ్ రాసిన టెస్ట్ సర్టిఫికెట్ ఇచ్చే చోటే కొనండి, కాస్త ఖర్చైనా సరే. డ్రిల్ చేసేటప్పుడు స్పీడు తగ్గించి, కోబాల్ట్ బిట్‌తో, నూనె పోస్తూ గట్టిగా నొక్కాలి. బిట్ ఊరికే రుద్దుకుంటే స్టీలు అక్కడే ఇంకా గట్టిపడి మొండికేస్తుంది.

రివెట్లకు మామూలు అల్యూమినియంవి వాడొద్దు, ఈ లోడుకు అవి చాలవు. మోనెల్ అనే నికెల్-రాగి మిశ్రమ లోహపు రివెట్లు, 4.8 మిల్లీమీటర్లవి, ఆన్‌లైన్‌లో తెప్పించాం. చిన్న చేతి రివెట్ గన్నుతో అవి లొంగవు, పొడుగు చేతుల లీవర్ గన్ను కావాలి. పాత రివెట్ తీసేటప్పుడు మధ్యలోని స్టీలు మేకును పంచ్‌తో లోపలికి కొట్టాకే డ్రిల్ పెట్టాలి, లేదంటే బిట్ జారి మాస్టు రంధ్రాన్ని పెద్దది చేస్తుంది. స్టీలుకు, అల్యూమినియంకు మధ్య పలుచటి నైలాన్ షీటు కత్తిరించి పెట్టి, రివెట్లకు టెఫ్-జెల్ లాంటి, లోహాల మధ్య తుప్పును ఆపే పేస్టు పూశాం.

చాలామంది వదిలేసేది ఒకటుంది, రివెట్ల దగ్గర గాలి కూడా బయటికి రాకూడదు. ఈ మాస్టు మూసిన గొట్టం, పడవ బోల్తా పడితే లోపలి గాలి వల్ల నీళ్ల మీద తేలుతూ పడవ పూర్తిగా తలకిందులు కాకుండా ఆపుతుంది. లోపలికి నీళ్లు పోతే మాస్టు అడుగుకు దిగుతుంది, తలకిందులైన కాటమరాన్‌ను ఇద్దరు మనుషులు లేపడం చాలా కష్టం. సీలెంట్ న్యూట్రల్ సిలికాన్ అయ్యుండాలి. వెనిగర్ వాసన వచ్చే రకంలో ఆసిడ్ ఉంటుంది, అదే లోహాన్ని తింటుంది. అన్నీ బిగించాక సబ్బు నురుగు పూసి, మెల్లగా గాలి కొట్టి, బుడగలు వస్తున్నాయేమో చూశాం. మాస్టు అడుగున పిన్ను రంధ్రం కూడా అరిగింది, దాన్ని గుండ్రంగా బోర్ చేసి లేత్ మీద తీయించిన బుష్, అంటే రంధ్రంలో కూర్చునే చిన్న గొట్టపు ముక్క, కూర్చోబెట్టాం, ఆ పని తేలికే.

తీగలు బిగించాక షాకిల్ పిన్నుకు సన్నటి స్టీలు తీగ చుట్టి కట్టేయండి, ఊగుడుకు మర ఊడిపోతుంది. ఇంకా ఒక విషయం. 1980లలో హోబీ 16 మాస్టు పై భాగాన్ని ఫైబర్‌తో చేయడం మొదలుపెట్టింది కరెంటు తీగల ప్రమాదం వల్లే. మాది అంతకు ముందుది, పైదాకా అల్యూమినియమే. అందుకే కరెంటు తీగలు లేని ఒడ్డు చూసుకునే మాస్టు లేపుతాం, ట్రాలీ మీద పడవను కాస్త దూరం జరపాలన్నా సరే మాస్టు దించే జరుపుతాం.