పూల్ లైనర్: మొదటిసారి ఆగి మంచిపని చేశా, రెండోసారి ఆగి నష్టపోయా

2019లో సెంట్రల్ న్యూజెర్సీలో ఇల్లు కొన్నప్పుడు వెనకాల స్విమ్మింగ్ పూల్ కూడా దాంతోపాటే వచ్చింది. మేమేమీ పూల్ కావాలని వెతకలేదు. ఇల్లు నచ్చింది, స్కూళ్లు నచ్చాయి, పూల్‌ని కాదనలేకపోయాం. 16 అడుగుల వెడల్పు, 32 అడుగుల పొడవు, దాదాపు 20,000 గ్యాలన్ల నీళ్లు.

పూల్ అంటే సిమెంటు తొట్టి, టైల్స్ అనుకునేవాడిని. మాది అలాంటిది కాదు. చుట్టూ స్టీలు గోడలు, అడుగున సిమెంటు కలిపిన పొర, మొత్తం మీద ఒకే ఒక్క వినైల్ షీటు. నీళ్లని ఆపేది ఆ షీటే. దాన్ని లైనర్ అంటారు. మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో లెక్క, ఒక్కో వంతు ఒక మిల్. మాది 20 మిల్, అంటే అర మిల్లీమీటరు. దాని పై అంచుకి బీడ్ అని ఒక గట్టి పట్టీ ఉంటుంది. గోడ పైన చుట్టూ ఉన్న గాడిలో ఆ పట్టీని దూరుస్తారు. అంతే, మొత్తం షీటు అక్కడి నుంచే వేలాడుతుంది. మాకిచ్చిన కాగితాల్లో లైనర్ వేసిన సంవత్సరం 2012 అని ఉంది.

2021 సెప్టెంబర్ 1 రాత్రి ఐడా తుఫాను వాన ఇక్కడ ఎంత బీభత్సం చేసిందో ఈ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. మా బేస్‌మెంట్ సంగతి సరేసరి. పొద్దున్నే పూల్ దగ్గరికి వెళ్తే లోతు వైపు అడుగున లైనర్ పూరీలా పొంగి ఉంది. భూమిలో నీళ్లు పైకొచ్చి షీటుని కింది నుంచి ఎత్తేశాయి. నీళ్లన్నీ తోడేసి సర్దేద్దామనుకున్నాను. ఎందుకైనా మంచిదని పూల్ పనులు చేసే ఒకాయనకి ఫోన్ చేస్తే, "ఒక్క చుక్క కూడా తియ్యొద్దు" అన్నాడు. లోపలి నీళ్ల బరువే గోడల్ని నిలబెడుతోందట. తోడేస్తే బయటి తడి మట్టి తోపుకి గోడ లోపలికి ఒరిగే ప్రమాదం ఉంది, పైగా పాత లైనర్ ఎండిపోతే కుంచించుకుపోయి మళ్లీ గాడికి అందదు. పది రోజులకి భూమిలో నీళ్లు దిగాయి, పొంగు కూడా దిగింది. కానీ ఏటవాలు దగ్గర రెండు మడతలు మిగిలిపోయాయి. ఈ మడతల్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాయి.

2022 మేలో, చలికాలమంతా మూసి ఉంచిన పూల్ తెరవడానికి వచ్చినతను ఆ మడతలు చూసి, లైనర్ వయసు అడిగి, పదేళ్లయింది కాబట్టి మార్చెయ్యమన్నాడు. 4,800 డాలర్లు. జూన్‌లో నీళ్లు తగ్గడం మొదలయ్యేసరికి మా ఆవిడ కూడా "చెప్పాడుగా" అంది. రెండు రోజులకోసారి గొట్టం పెట్టి నింపుతున్నాం.

ఆ వేసవిలోనే మా అత్తయ్యగారు, మావయ్యగారు వచ్చారు. వాళ్లది భీమవరం దగ్గర పల్లె. మావయ్యగారు ముప్పై ఏళ్లు రొయ్యల చెరువులు చేశారు. వచ్చిన మూడో రోజు పూల్ గట్టున కుర్చీ వేసుకుని, "అల్లుడుగారూ, రోజుకి ఎంత తగ్గుతోందండీ?" అన్నారు.

"ఏమో మావయ్యగారూ, తగ్గినప్పుడల్లా నింపుతున్నాం."

మేత లెక్క చెప్పలేని పాలేరుని చూసినట్టు చూశారు. "ముందా గొట్టం తీసెయ్యండి. పీత గట్టుకి బొరియ పెడితే నీళ్లు ఆ బొరియ దాకా దిగి ఆగుతాయి. ఇవి ఎక్కడ ఆగుతాయో చూడకుండా షీటు మార్చెయ్యమంటాడేంటండీ ఆయన?"

ముందు బకెట్ పరీక్ష చేశాం. బకెట్‌లో పూల్ నీళ్లే పోసి, మెట్టు మీద సగం మునిగేలా పెట్టాం. లోపల నీళ్లెక్కడ ఉన్నాయో, బయట ఎక్కడ ఉన్నాయో టేపు ముక్కలతో గుర్తుపెట్టాం. ఎండకి ఆవిరయ్యేది రెండింటికీ ఒకటే కదా. 24 గంటల తర్వాత బకెట్‌లో పావు అంగుళం తగ్గింది, పూల్‌లో అంగుళం పైనే. మా పూల్‌లో అంగుళం అంటే 300 గ్యాలన్ల పైమాటే. లీకు ఉందని తేలింది. ఎక్కడన్నదే తేలాలి.

పంప్ ఆపేసి వదిలేశాం. నాలుగో రోజుకి నీళ్లు స్కిమ్మర్ నోటి దగ్గర ఆగిపోయాయి. స్కిమ్మర్ అంటే గోడలో నీటి అంచున ఉండే చదరపు నోరు, ఆకుల్ని లాగేది. దాని అడుగు అంచు దగ్గర ఆగి, ఇక రోజుకి పావు అంగుళమే దిగుతోంది. మావయ్యగారు ఏమీ అనలేదు, కుర్చీ అటు జరుపుకున్నారంతే.

మళ్లీ స్కిమ్మర్ సగం మునిగేదాకా నింపి, పంప్ ఆపే ఉంచాను. మా అమ్మాయికి జ్వరం మందు పట్టే సిరంజిలో అత్తయ్యగారు తెచ్చిన ఎర్ర మిఠాయి రంగు నింపి, నీళ్లలో దిగి, స్కిమ్మర్ చట్రం అంచు వెంట కొంచెం కొంచెంగా వదిలాను. మూడు వైపులా రంగు అలాగే మబ్బులా తేలింది. కుడి కింది మూల దగ్గర మాత్రం దారంలా సన్నగా సాగి లోపలికి పోయింది. పిల్లలు కేకలు. లైనర్ మీద మడతల దగ్గర, మెట్ల చుట్టూ, లైటు చుట్టూ కూడా వదిలి చూశాను. ఎక్కడా లాగలేదు.

అంటే లైనర్ బాగానే ఉంది, స్కిమ్మర్ చట్రం దగ్గర నీళ్లు కారకుండా ఆపే గాస్కెట్, అంటే రబ్బరు పట్టీ, పోయింది. కొత్త గాస్కెట్లు, స్క్రూలు కలిపి 35 డాలర్లు. నీళ్లు స్కిమ్మర్ కిందికి దింపి చట్రం విప్పాను. విప్పగానే లైనర్ ఒక పిసరు కిందికి జారి, స్క్రూ రంధ్రాలు తప్పాయి. ఆ పది నిమిషాలు ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు. మావయ్యగారు రెండు చేతులతో షీటుని పైకి నొక్కి పట్టుకుంటే, నేను ఒక్కో స్క్రూ ఎక్కించాను. తర్వాత మళ్లీ బకెట్ పెడితే రెండూ సమానం. 4,800 మిగిలాయని అందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నాను.

ఆ గొప్పే నా కొంప ముంచింది.

2023 బాగానే గడిచింది. 2024 జులైలో ఒక మూల బీడ్ గాడిలోంచి ఊడి వచ్చింది. అప్పుడు చేత్తో పట్టుకుని చూశాను. నీళ్ల కింద లైనర్ రెయిన్‌కోటులా మెత్తగా ఉంది. నీటి గీతకి పైన, రోజూ ఎండ తగిలే నాలుగు వేళ్ల మేర రంగు వెలిసి తెల్లబడి, అప్పడంలా గట్టిగా ఉంది. వంచితే చిన్న చప్పుడు కూడా వచ్చింది. వినైల్‌ని మెత్తగా ఉంచే పదార్థం ఎండకీ క్లోరిన్‌కీ ఏళ్ల తరబడి పోతూ ఉంటుంది. ఒకసారి పోయాక తిరిగి రాదు. నేను కెటిల్‌తో వేడినీళ్లు పోసి మెత్తబరిచి గాడిలోకి లాగాను. అది అప్పటికే కుంచించుకుపోయింది, అందలేదు. ఇంకాస్త లాగాను. జానెడు చిరిగింది.

అతుకు వేశాను. నీళ్లలోనే అంటుకునే అతుకులు దొరుకుతాయి, మూలలు గుండ్రంగా కత్తిరిస్తే లేవవు. ఆగస్టులో ఇంకోటి, నెలాఖరుకి మూడోది. నీటి కింద మెత్తటి చోట పడిన చిన్న చిల్లుకి అతుకు ఏళ్ల తరబడి నిలుస్తుంది. అప్పడంలా అయిన చోట మాత్రం అతుకు నిలబడి, దాని పక్కన చిరుగుతుంది. ఇది అప్పుడే అర్థం కావాల్సింది నాకు. లైనర్ వేసే ఇద్దరిని పిలిచాను కూడా. ఒకాయన మెట్టు దగ్గర గోరుతో గీకి చూసి, సెప్టెంబర్‌లో అయితే వెంటనే చేస్తాం, భూమిలో నీళ్లు కూడా తక్కువగా ఉంటాయి, 5,300 అవుతుంది అన్నాడు. సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే దాటితే ఎలాగూ పూల్ మూసేస్తాం, పైగా అక్టోబర్‌లో మరదలి పెళ్లికి నలుగురికీ టికెట్లు. "వచ్చే ఏడాది చూద్దాం" అన్నాను.

2025 మేలో కవర్ తీస్తే నీళ్లు రెండడుగులు కిందికి ఉన్నాయి. మంచు బరువుకి కవర్ లోపలికి దిగిపోయి ఒక పక్క చిరిగింది. ఐడా మిగిల్చిన మడత ఉంది చూశారా, దాని మీదే సన్నటి పగులు. చలికాలమంతా నీళ్లు అందులోంచి కారుతూ కింది పొరని కొట్టుకుపోయాయి. కర్రతో నొక్కితే అక్కడ మెత్తగా దిగబడింది.

మే వచ్చాక అందరూ క్యూలో ఉంటారు. కొలతలు తీసుకుని లైనర్ చేయించి తేవడానికి మూడు వారాలు, వాళ్ల ఖాళీ కోసం ఇంకో వారం. 28 మిల్ తీసుకోమని మా ఫ్రెండ్స్ పోరు. వేసేవాడు మాత్రం మందం కన్నా పీహెచ్ చూసుకో అన్నాడు. క్లోరిన్ బిళ్లలు నీళ్లని ఆమ్లంగా మారుస్తాయి, పీహెచ్ బాగా పడిపోతే ఎంత మందం లైనరైనా ముడతలు పడుతుంది. 7.2 నుంచి 7.6 మధ్య ఉంచమన్నాడు. సరేనని మామూలుదే తీసుకున్నాను.

ముగ్గురు వచ్చి నీళ్లు తోడి, పాత లైనర్‌ని చాపలు కోసినట్టు కోసి చుట్టేశారు. కింద రెండు చోట్ల గుంతలు, స్టీలు గోడ అడుగున తుప్పు. అడుగు పూడ్చడానికి, తుప్పు గీకి ఫోమ్ అంటించడానికి కలిపి 1,600 పెరిగింది. మొత్తం 6,900. పూల్ అడుగున నీళ్లు లాగే మెయిన్ డ్రెయిన్ మూత కూడా మార్చారు. 2007 నాటి వర్జీనియా గ్రేమ్ బేకర్ చట్టం వచ్చాక, పిల్లలు అతుక్కుపోకుండా, జుట్టు చిక్కుకోకుండా చేసిన మూతలే ఇక్కడ అమ్మాలి. మాది పాతకాలపుది. మా అమ్మాయి జడ పొడుగు చూసుకుని ఆ డబ్బుకి మాత్రం గొణగలేదు.

కొత్త లైనర్ అట్టపెట్టెలో దుప్పటిలా మడిచి వచ్చింది. ఎండలో పరిచి మెత్తబడ్డాక నలుగురం మూలలు పట్టుకుని దించాం, బీడ్‌ని చుట్టూ గాడిలో నొక్కారు. అప్పటికి మా ఆవిడ మొహం చూడాలి. అంతా ముడతలు, వదులు చొక్కాలా ఉంది. స్కిమ్మర్‌కి టేపులు అంటించి, వెనక వ్యాక్యూమ్ గొట్టం పెట్టి ఆన్ చేశారు. షీటు వెనకున్న గాలి లాగేసరికి, ముడతలన్నీ చూస్తుండగానే గోడకి అతుక్కుపోయాయి. వ్యాక్యూమ్ అలా మోగుతూనే ఉండగా రెండు గొట్టాలతో నీళ్లు. రాత్రంతా ఆ హోరే. తెల్లారి పక్కింటాయనకి సారీ చెప్పి అరడజను సమోసాలు ఇచ్చి వచ్చాను. నీళ్లు స్కిమ్మర్ దగ్గరికి వచ్చాకే దాని నోటి మీద షీటు కోసి చట్రం బిగించారు.

వారం తర్వాత మెట్టు మీద బకెట్ పెట్టాను. మర్నాటికి బకెట్‌లో పావు అంగుళం, పూల్‌లో పావు అంగుళం. ఫోటో తీసి మావయ్యగారికి వాట్సాప్ చేశాను. అక్కడ రాత్రి పదయ్యుంటుంది, వెంటనే వాయిస్ మెసేజ్ వచ్చింది: "గట్టు గట్టిగా ఉందండీ అల్లుడుగారూ. ఖర్చు మాత్రం రూపాయల్లో మీ అత్తయ్యకి చెప్పకండి."