రెండో గన్ పెట్టగానే సగమైపోయింది

ఎలక్ట్రిక్ కారు కొన్నాక ఇంట్లో ఛార్జింగ్ గురించి ఆలోచించడమే మానేశాం. పార్కింగ్‌లో ఉన్న 15 ఆంప్స్ సాకెట్‌కి రాత్రి పెట్టేయడం, పొద్దున్నే పీకేయడం, అంతే. దాంట్లోంచి గంటకి మహా అయితే మూడు యూనిట్లు వస్తాయి, మాది 40 యూనిట్ల బ్యాటరీ, 20 పర్సెంట్ నుంచి ఫుల్ చేయాలంటే పదకొండు పన్నెండు గంటలు పడుతుంది, పట్టనీ, మనం నిద్రపోతుంటే ఎన్ని గంటలైతే ఏంటి. గోడకి బిగించే 7.2 కిలోవాట్ల ఛార్జర్, అదే వాల్‌బాక్స్, పెట్టించుకో, అయిదు గంటల్లో అయిపోద్ది అని చెప్పినవాళ్లు చాలామందే, నాకు ఆ అవసరం ఎప్పుడూ కనపడలేదు.

సరే, అందరం కలిసి కొండ మీదకి వెళ్దామని బయల్దేరాం. నేను, మా ఆవిడ, అమ్మ, పిల్లలిద్దరూ, డిక్కీ నిండా సామాను. హైవే ఎక్కాక మా ఆవిడకి ఒకటే విసుగు, లారీలు కూడా మనల్ని దాటిపోతున్నాయి, 80 మీద పోవడానికి కారెందుకు అని. గాలితోనే వచ్చింది చిక్కంతా, స్పీడు రెట్టింపయితే గాలి అడ్డు నాలుగింతలవుతుంది, 110లో పోతే పర్సెంటేజీ కళ్లముందే కరిగిపోతుంది. ఈ లెక్క చెప్తే ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఛార్జింగ్‌కి ఆగిన చోట 60 కిలోవాట్ల మెషీన్ ఒకటే ఉంది, దానికి రెండు గన్‌లు, అంటే కారుకి తగిలించే ప్లగ్గులు. మేం వెళ్లేసరికి రెండూ ఖాళీ, అబ్బ ఏం అదృష్టం అనుకున్నా. ముందు వాళ్ల యాప్ దింపుకోవాలి, ఓటీపీ రావాలి, వాలెట్లో ఇంతకి తక్కువ వేయడానికి లేదన్నారు, అదీ వేశాం. గన్ పెట్టగానే స్క్రీన్ మీద 48 కిలోవాట్లు పడింది. నలభై నిమిషాల్లో 80కి వచ్చేస్తాం, ఈలోపు టీ తాగొద్దాం అని అటు తిరిగామో లేదో ఒక పెద్దాయన కారు వచ్చి రెండో గన్ తీసుకుంది. మా స్క్రీన్ మీద 48 కాస్తా 30కి పడింది. మెషీన్ మొత్తం కెపాసిటీయే 60 కదా, రెండు కార్లుంటే చెరిసగం. బోర్డు మీద మాత్రం ఇంత పెద్ద అక్షరాలతో 60 అనే రాసుంటుంది.

అక్కడితో అయినా బాగుండేది. పెద్దాయన వచ్చిందే 70 పర్సెంట్‌తో, కాసేపటికే 80 దాటేసింది, ఆయన కారు తీసుకునేది 14 కిలోవాట్లకి దిగిపోయింది. బిందె అంచు దాకా వచ్చాక కుళాయి తగ్గించినట్టు, నిండే కొద్దీ బ్యాటరీయే కరెంటు తగ్గించుకుంటుంది, లేకపోతే సెల్స్ దెబ్బతింటాయి. దాన్నేం తప్పు పట్టలేం. కానీ ఆయన వాడుకోకుండా మిగిలిన పదహారు కిలోవాట్లయినా మా వైపు రావాలి కదా, రాలేదు, ఆ మెషీన్‌కి ఎవరి సగం వాళ్లదే. అంటే ఆ పదహారూ ఎవరికీ కాకుండా పోతున్నాయి, మేం చూస్తూ నిలబడ్డాం.

ఇంతలో ఒక ట్యాక్సీ కుర్రాడు వచ్చాడు, బండిలో 9 పర్సెంట్ ఉంది. "పెద్దాయనా, 80 దాటితే తీసేయాలండి, వెనక మేమున్నాం కదా" అన్నాడు. ఆయన సీటు వెనక్కి వాల్చుకుని పడుకున్నాడు, కళ్లు కూడా తెరవలేదు. "డబ్బులు కట్టాను బాబూ, వంద అయ్యేదాకా కదలను." కుర్రాడికి ఒళ్లు మండింది, నాకూ మండింది. 80 నుంచి 100కి పోవడానికి 20 నుంచి 80కి పట్టినంత టైమూ పట్టొచ్చు, అది ఆయనకి తెలియక కాదు.

మా అమ్మ వెళ్లి కదిలించింది, ఎందాకా వెళ్లాలండీ అని. అప్పుడు లేచి కూర్చుని చెప్పాడు. ఆయన పోయే రూట్లో మళ్లీ ఛార్జర్ ఉన్నది 150 కిలోమీటర్ల అవతల, పోయినసారి అక్కడికి వెళ్తే మెషీన్ ఆఫ్‌లో ఉందట, యాప్‌లో మాత్రం పచ్చగా పనిచేస్తున్నట్టే చూపించిందట, చివరికి బండిని లారీ మీద తెచ్చుకున్నాడు. అది విన్నాక నా నోరు పడిపోయింది. తర్వాతి స్టేషన్ పనిచేస్తుందన్న నమ్మకం ఉంటే ఎవడైనా 70తోనే పోతాడు, లేకపోతే దొరికిన చోట వంద దాకా పట్టుకుని కూర్చుంటాడు, వాడు కూర్చుంటే వెనకోడికి లేటు. మేమే 75కి తీసేసి కుర్రాడికి గన్ ఇచ్చేశాం.

ఘాట్ రోడ్డు అనుకున్నంత భయపెట్టలేదు. మనుషులతో సామానుతో 1,800 కిలోల బండిని కిలోమీటరు ఎత్తుకి లాగాలంటే ఆ ఎత్తు ఒక్కదానికే దాదాపు 5 యూనిట్లు, అంటే మా బ్యాటరీలో ఎనిమిదో వంతు. లెక్క వేసుకునే ఎక్కాం, సరిపోయింది.

కొండ మీద చూసినవన్నీ అందరూ చూసేవే, ఫొటోలు మా ఆవిడ దగ్గరున్నాయి. నాకు గుర్తుండిపోయింది మాత్రం లాడ్జి సాకెట్. ఎక్స్‌టెన్షన్ వైరు వేడెక్కుతుందని కారు పక్కనే కింద రూమ్ అడిగి తీసుకున్నాం, గీజర్ పాయింట్‌లో పోర్టబుల్ ఛార్జర్ పెడితే ఎర్ర లైటు. మేనేజర్ అయితే "గీజర్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది సార్, మీ ఛార్జరే పోయింది" అని తేల్చేశాడు. గీజర్‌కేం, ఎర్తింగ్ ఉన్నా లేకపోయినా నీళ్లు కాగుతాయి. ఈ ఛార్జర్ అలా కాదు, ముందు ఎర్త్ ఉందో లేదో చూసుకుని, లేదంటే కరెంటు వదలదు. ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ ఊడదీశాడు, లోపల ఎర్త్‌కి ఉండే ఆకుపచ్చ వైరు చివర కత్తిరించి, టేపు చుట్టి, శుభ్రంగా మడిచి పక్కకి తోసేసి ఉంది. ఆ సాకెట్ పెట్టినప్పటి నుంచీ అలాగే ఉందన్నమాట, దాని మీదే గీజరు, కింద జనం స్నానాలు! అతను వైరు కలిపాడు, పచ్చ లైటు వచ్చింది. మేనేజర్ కరెంటుకి విడిగా బిల్లు వేశాడు, అది రోడ్డు మీద ఫాస్ట్ ఛార్జింగ్ రేటు కంటే ఎక్కువే పడింది, ఎర్తింగ్ బాగుచేయించిన పుణ్యానికి డిస్కౌంటేమీ లేదు.

దిగేరోజు 85కే ఆపేశా. ఫుల్ పెట్టుకోకుండా ఎందుకు అని మా ఆవిడ అడిగింది. దిగేటప్పుడు మోటారే జనరేటర్‌లా తిరిగి బ్యాటరీని నింపుతుంది, దాన్నే రీజెన్ అంటారు, ఫుల్‌గా ఉంటే ఆ కరెంటు పట్టడానికి చోటుండదు, రీజెన్ పనిచేయదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. కిందకొచ్చేసరికి 88 అయింది, పెట్రోలు బండ్లు సెకండ్ గేర్‌లో మూలుగుతూ దిగుతుంటే పిల్లలు ఒక్కో పర్సెంటూ పెరిగినప్పుడల్లా కేకలు.

తిరుగు ప్రయాణంలో అదే స్టేషన్‌లో ఆగాం. రెండో గన్‌కి పనిచేయదని కాగితం అంటించి ఉంది, అందుకని 48 కిలోవాట్లూ మాకే, నలభై నిమిషాల లోపే 80. పనిచేయనప్పుడే బాగా పనిచేసిన మెషీన్ ఇదేనేమో. ఫోన్‌లో మాత్రం దారిలో దింపుకున్న యాప్‌లన్నీ అలాగే ఉన్నాయి, ఒక్కోదాని వాలెట్లో కొంచెం కొంచెం డబ్బు ఇరుక్కుపోయి ఉంది, వెనక్కి తీసుకోడానికి దారి లేదు, ఆ డబ్బులు ఖర్చవ్వాలంటే మళ్లీ ఆ రూట్లోనే పోవాలి.