వైవాలో తొండ కాళ్ల వేళ్లు లెక్కపెట్టించారు

నిన్ననే ఎమ్మెస్సీ ప్రాజెక్టు వైవా అయింది. కోపం చల్లారకముందే రాస్తున్నాను. నా టాపిక్ నల్లగొండ చుట్టుపక్కల అగామిడే కుటుంబం, అంటే తొండలూ వాటి చుట్టాలూ. ఇంగ్లీషులో డ్రాగన్ లిజర్డ్స్ అంటారు.

ఫీల్డ్ వర్క్ హాయిగా సాగింది. కాపురాల గుట్ట మీద, దేవరకొండ ఖిలా బండల మీద ఎండెక్కితే చాలు, అవే ఎదురొస్తాయి. దేన్నీ పట్టలేదు, ఫొటోలే తీశాను. రిపోర్టు, బైండింగ్ కూడా ఇబ్బంది లేకుండా అయిపోయాయి.

ఎక్స్‌టర్నల్ సారు టైటిల్ చూడగానే "డ్రాగన్లన్నావు, కొమొడో డ్రాగన్ ఏదమ్మా?" అన్నారు. అది ఉడుముల కుటుంబం సార్, వరానిడే అన్నాను. అగామిడేలో 500కు పైగా జాతులున్నాయనీ, మనవి ఎక్కువగా డ్రాకోనినే ఉపకుటుంబంలోకి వస్తాయనీ, ఆస్ట్రేలియావి ఆంఫిబోలూరినే అనీ గడగడా చెప్పేశాను. ఆయన ముఖం మాడింది. పేజీలు తిప్పి సితానా అనే చిన్న తొండ ఫొటో దగ్గర ఆగారు.

"వెనక కాలికి నాలుగే వేళ్లున్నాయి. వేలు తెగినదాన్ని ఫొటో తీసి ప్రాజెక్టంటావా?"

అందరూ నవ్వారు. మా గైడ్ కూడా! సితానాకు ఉండేదే నాలుగు వేళ్లు. తోటల్లో తిరిగే తొండకు ఐదుంటాయి. 1829లో కువియే పేరు పెట్టిన ప్రజాతి (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు) అది, నిన్న మొన్నటి సంగతి కాదు. వేర్వేరు చోట్ల తీసిన ఫొటోలన్నీ తెరిచి ఒక్కొక్క కాలూ చూపించాను. "అన్నీ ఒకే జంతువేమో" అన్నారు. ఒకటి గొంతు కింద విసనకర్ర లాంటి తోలున్న మగది, ఇంకొకటి అది లేని ఆడది. ఒకే జంతువెట్లా అవుతుంది?

చివరకు నవ్వుతూ "తొండ ముదిరితే ఊసరవెల్లి, అది రాశావా?" అన్నారు. ఊసరవెల్లి కమీలియోనిడే సార్, వేరే కుటుంబమే గానీ దగ్గరి బంధువు, రెండింటికీ పళ్లు దవడ అంచుకే అతుక్కుని ఉంటాయి అన్నాను. ఆ తర్వాత ఇంకే ప్రశ్నా రాలేదు.

జువాలజీ వాళ్లూ, వెనక పాదం దగ్గరి నుంచి ఫొటో తీయండి, తల పక్క నుంచి ఇంకొకటి. జాతి పేరు రాయడానికి తొందరపడకండి. 2016లో సితానాలోంచి సరద అనే ప్రజాతినే వేరు చేశారు. అందుకే నేను ప్రజాతి వరకే రాశాను, దాన్నీ సగం పని అన్నారు. గైడ్ మీద ఆశ పెట్టుకోకండి, మాది టీ చల్లారుతోందనే చూసుకుంది.

రీవాల్యుయేషన్ ఉందా అని ఆఫీసులో అడిగాను. వైవాకు ఉండదట.