బాగేపల్లిలో మా అమ్మాయి తెలుగు

మా అమ్మాయి పుట్టి పెరిగింది బెంగళూరులోనే. బయట కన్నడం, ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. ఇంట్లో తెలుగంటే ఏముంటుంది లెండి! తిన్నావా, పడుకో, ఆ ఫోను పక్కన పెట్టు. పండక్కి తెనాలి వెళ్తే మా అమ్మ అడిగేవీ అవే. కన్నడ లిపి వచ్చు కాబట్టి తెలుగు బోర్డులు కూడబలుక్కుని చదువుతుంది, అంతే.

వాళ్ళ కాలేజీ పిల్లలు కొందరు సెలవుల్లో టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని, పేదవాళ్ళ ఇళ్ళు కట్టే చోటికి వెళ్ళి పనిచేస్తుంటారు. ఈసారి బాగేపల్లి దగ్గర ఒక పల్లె. హైదరాబాద్ హైవే మీద చిక్కబళ్ళాపురం దాటాక వస్తుంది, మాకు వంద కిలోమీటర్లు. ఊరు కర్ణాటకదే అయినా ఆ చుట్టుపక్కల జనం మాట్లాడేది ఎక్కువగా తెలుగే. మేస్త్రీ నోరు విప్పగానే గ్రూపంతా మా పిల్ల వైపు తిరిగిందట.

ఫోన్లో చెబితే మా అమ్మ, "చదువుకోమని పంపితే తట్టలు మోయిస్తారటే?" అంది. మా ఆయన లెక్క వేరు. ఆ డీజిలు డబ్బులతో ఇద్దరు కూలీలను పెట్టొచ్చు కదా అని. ఆ మాట తీసిపారేయలేం. పిల్లలు కట్టిన గోడ వరస తూకపు గుండుకు సరిపోలేదని మేస్త్రీ విప్పి మళ్ళీ కట్టాడట. ఫొటోల కోసం చేసే సేవ నాకూ గిట్టదు. కాకపోతే ఇంటివాళ్ళూ బయటివాళ్ళూ కలిసి కట్టే ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సంస్థ 1976లో అమెరికాలో మొదలై, 1983లో మన ఖమ్మంలో పని ప్రారంభించింది. కేంద్రం గ్రామీణ ఆవాస్ పథకంలో మైదాన ప్రాంతపు ఇంటికి ఇచ్చేది 1.20 లక్షలు, అదీ విడతల వారీగా. ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లుండాలి. అంటే మా హాలూ వంటగదీ కలిపితే ఎంతో అంత. ఆ డబ్బులో కూలి ఎంత తగ్గితే అంత మేలు.

అక్కడ పిల్లల్ని ఎవరూ నెత్తిన పెట్టుకోలేదు. మా అమ్మాయికి మాలు కలిపే పని అప్పగించారు. సిమెంటు ఒక పాలు, ఎంశాండు, అంటే రాయి పిండిచేసిన ఇసుక, ఆరు పాళ్ళు. ముందు పొడిగా రంగు ఒకేలా వచ్చేదాకా పారతో తిప్పాలి, తర్వాత మధ్యలో గుంట చేసి నీళ్ళు పోయాలి. గట్టు తెగి మాలు నేలమీదికి పారితే ఇంటావిడ ఊరుకోలేదట. "పాపా, అట్ల పారబోస్తే యాడినించి తెచ్చేది?" అని చీపురుతో ఊడ్పించి మళ్ళీ కుప్పలో వేయించింది. కట్టిన గోడకు కనీసం వారం రోజులు నీళ్ళు పట్టాలి. ఆ నీళ్ళు బిందెలతో మోయాల్సిందే. 2024 వేసవిలో అపార్ట్‌మెంట్‌కు ట్యాంకరు రాలేదని ఇల్లు పీకి పందిరేసిన మనిషి ఇది!

సంక్రాంతి సెలవులూ, వేసవి తెలుగు క్లాసులూ ఆమెకు భాషను చుట్టరికంగానే ఇచ్చాయి. పని చేయడానికి, తిట్లు తినడానికి, బేరమాడటానికి, మేస్త్రీకి ఎదురు చెప్పడానికి తెలుగు అవసరమైంది మాత్రం అక్కడే. వచ్చాక "నా చార్జరు యాడ పెట్టినావు?" అంటోంది. మా అత్తగారు ముఖం చిట్లించారు. నేనైతే దిద్దడం లేదు.

మొన్న తెనాలికి ఫోన్ చేసి, "అమ్మమ్మా, మీ పాత ఇంట్లో సిమెంటు ఎన్ని పాళ్ళు వేశారు?" అని అడిగింది. "సిమెంటెక్కడిదే, గానుగ సున్నం" అని మా అమ్మ మొదలుపెట్టింది. ఎడ్లు, గుండ్రటి కాలవ, రాతి చక్రం, సున్నం ఎన్నాళ్ళు నానబెట్టేవారు, గోడకు మేకు కొడితే ఎందుకు వంగిపోయేది... ఇద్దరూ ఎంతకీ ఫోను పెట్టరే! మధ్యలో నాకివ్వమన్నా మా అమ్మ వినలేదు. "నీతో రేపు మాట్లాడతాలే, దానికి ఇంకా దూలాల సంగతి చెప్పలేదు" అంది.